వినిపించే ఊతపదాలు, వినిపించని ‘ట’

మాట తడబడినప్పుడు ఆసరాగా పట్టుకునే మాటను మనవాళ్ళు ఊతపదం అన్నారు. ఊతకర్రలాగే ఇదీ ఒక సాధనం. ఎదుట మనిషి లేకుండా, ఊకొట్టేవారు లేకుండా, ఒక యంత్రం ముఖం చూస్తూ పది నిమిషాలు మాట్లాడవలసినవారికి ఆ ఆసరా ఎంత అవసరమో ఊహించవచ్చు. యూట్యూబ్‌లో తెలుగు వినేవారికి ఈ ఊతపదాలు ఈపాటికి కంఠస్థమై ఉంటాయి: “హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ బ్యాక్ టు మై ఛానల్”, “స్కిప్ చేయకుండా చివరిదాకా చూడండి”, “ఇక ధర విషయానికి వస్తే”, “చూసుకున్నట్లయితే”, “చేయడం జరిగింది”, “పక్కన పెట్టేసుకుందాం”. నలుగురు తెలుగువాళ్ళు కలిసినచోట వీటిని అనుకరించి నవ్వుకోవడం, ఆ వెంటనే భాష పాడైపోయిందని బాధపడడం ఒక రివాజయింది. ఆ బాధలో నాకూ కొంత వాటా ఉంది కాని, అది చాలావరకు గురితప్పిన బాధ అని నా అభిప్రాయం. చిరాకు తెప్పించే ఈ మాటల్లో ఎక్కువభాగం నిరపాయకరమైనవి. అపాయం ఉన్నచోట మనకు చిరాకు కలగడం లేదు. ఎందుకంటే అక్కడ ఒక మాట అదనంగా చేరలేదు, ఉండవలసిన ఒక మాట లేకుండా పోయింది.

వంటలు, ఫోన్ల సమీక్షలు, రాజకీయ విశ్లేషణలు, ఊరి ముచ్చట్లు, ఆరోగ్య సలహాలు – ఈ రకాల వీడియోలను కొంతకాలంగా కాగితం, కలం దగ్గర పెట్టుకుని వింటున్నాను. వృత్తిరీత్యా వైద్యుణ్ణి, భాషాశాస్త్రజ్ఞుణ్ణి కాను. కాబట్టి ఇందులో పట్టికలూ శాతాలూ ఉండవు. రోగి చెప్పేది వినేటప్పుడు ఏ మాట వాడాడో, ఏ మాట దాటవేశాడో గమనించడం మా చదువులో ఒక భాగం. ఆ చెవితోనే ఇవీ విన్నాను.

ముందు పలకరింపుల సంగతి. ప్రతి వీడియో ఒకే వాక్యంతో మొదలవడం భావదారిద్ర్యమని అనేవారు హరికథ ఎలా మొదలయ్యేదో గుర్తు చేసుకోవాలి. హరిదాసు గోవిందనామం పలికించకుండా కథలోకి దిగేవాడు కాదు. బుర్రకథలో పక్కనున్న వంతలు తందాన అందుకుంటే, ఆ వ్యవధిలో కథకుడు ఊపిరి తీసుకుని, తరువాతి ఘట్టాన్ని మనసులో పేర్చుకునేవాడు. “ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది” అన్న వాక్యం విని విసుక్కున్నవారిని నేనెరుగను. ఇంట్లో గడియారాలు సరిచేసుకునేవారే తప్ప. మిల్మన్ పారీ 1930లలో యుగోస్లావియా పల్లెల్లో పాటగాళ్ళను వింటూ, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో అచ్చయిన గ్రంథంలో వివరిస్తూ, తేల్చిన విషయం ఇదే: వేల పంక్తుల కథను అప్పటికప్పుడు అల్లి చెప్పేవాడికి సిద్ధంగా ఉన్న పదబంధాలే ఇటుకలు. పల్నాటి వీరుల కథను పాడేవారి నోట విని 1982లో జీన్ రోఘెయిర్ ప్రచురించిన పుస్తకం చూసినా, మౌఖిక కథనంలో పునరుక్తి దోషం కాదని, అది కథకు వెన్నెముక అని అర్థమవుతుంది.

అయితే పోలిక ఇక్కడితో ఆగుతుంది. హరిదాసు పునరుక్తి ఎదుట కూర్చున్న సభను చూసి సాగేది, కుదించుకునేది. సభ ఆవులిస్తే పిట్టకథ తెచ్చేవాడు. యూట్యూబ్ వక్త ఎదుట సభ లేదు, ఒక లెక్క ఉంది. 2012 నుంచి యూట్యూబ్ ఎంతమంది మీట నొక్కారన్నదానికంటే ఎంతసేపు చూశారన్నదానికి ఎక్కువ విలువ కట్టడం మొదలుపెట్టింది. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలని 2018లో నియమం పెట్టింది. వీడియో మధ్యలో ప్రకటన పెట్టుకోవడానికి కావలసిన కనీస నిడివి పది నిమిషాలుండగా, 2020లో దాన్ని ఎనిమిదికి తగ్గించింది. మూడు నిమిషాల్లో అయిపోయే చింతకాయ పచ్చడి ఎనిమిది నిమిషాలు ఎందుకు పట్టిందో, “అసలు విషయంలోకి వెళ్ళేముందు” అన్న మాట తరువాత అసలు విషయం ఎంతకీ ఎందుకు రాదో దీనితో తెలిసిపోతుంది. పూర్వపు కథకుడికి ఊపిరి కోసం కావలసిన ఊతపదం ఇప్పుడు కాలక్షేపానికి కూలీ అయింది.

ఇక “సో” విషయం. ప్రతి వాక్యానికి ముందు “సో” రావడం తెలుగువాళ్ళ తెగులని కొందరంటారు. యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న ఎక్కింది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జావేద్ కరీం శాన్ డియేగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడిన 19 సెకన్ల వీడియో అది. అందులో ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాటలు “ఆల్‌రైట్, సో”. అంటే ఆ మాధ్యమం పుట్టుకతోనే “సో” అన్నది. హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ 2002లో ఇంగ్లీషులోని “అ”, “అమ్” అనే నసుగుళ్ళను పరిశీలించి, అవి వట్టి తడబాట్లు కావని, చిన్న ఆలస్యానికి ఒకటి, పెద్ద ఆలస్యానికి ఒకటి వాడుతూ వక్త వినేవారికి ముందుగా సంకేతమిస్తాడని వాదించారు. తెలుగులో “అదే…”, “మరీ…”, “అంటే ఇప్పుడూ…” అనేవి చేసే పనీ ఇదే. వాటి స్థానంలో “సో” వచ్చింది. నాకు వినసొంపుగా లేదు. అంతకంటే దానిమీద చెప్పవలసిన నేరం లేదు.

వంటల వీడియోల తెలుగును మాత్రం నేను ఇష్టంగా వింటాను. “ఉల్లిపాయలు వేసుకుని, కలుపుకుని, మూత పెట్టుకుని, రెండు నిమిషాలు మగ్గనిచ్చుకుందాం.” వెనకటి వంటల పుస్తకాల్లో “వేయాలి, కలపాలి, దించాలి” అని ఆజ్ఞలుండేవి. ఈ వక్తలు ప్రతి క్రియకూ ‘కొను’ తగిలించి పనిని వినేవారి ఇంటి పని చేశారు. ‘ఉందాం’ తగిలించి తామూ అందులో చేరారు. ఇంగ్లీషులోని ‘వి’కి ఈ సౌలభ్యం లేదు, మనకు ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. రేడియో, టీవీ వక్తలు శ్రోతలతో కల్పించుకునే ఏకపక్షపు చుట్టరికాన్ని గురించి డోనల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే ఒక మనోవైద్య పత్రికలో రాశారు. ఆ చుట్టరికం కలపడానికి ఇంగ్లీషు వక్తకు కంటిచూపూ చిరునవ్వూ కావాలి, తెలుగు వక్తకు ఒక ప్రత్యయం చాలు. వంటింట్లో ఒంటరిగా, దేశం కాని దేశంలో, మొదటిసారి గుత్తివంకాయ చేసే కుర్రవాడికి “మనం ఇప్పుడు నూనె పోసుకుందాం” అన్న గొంతు ఎంత ధైర్యమో నాకు తెలుసు.

ఇక్కడ నష్టం లేదనను. తరగడం, తురమడం, దంచడం, నూరడం, రుబ్బడం, చిదపడం, గిలకొట్టడం, కలియబెట్టడం, ఇగరబెట్టడం – ఇన్ని క్రియలకు బదులు “కట్ చేసుకుందాం, గ్రైండ్ చేసుకుందాం, మిక్స్ చేసుకుందాం, యాడ్ చేసుకుందాం” అని నాలుగు మిగిలాయి. నూరిన పచ్చడికీ రుబ్బిన పచ్చడికీ నాలుకమీద తేడా ఉంది; “గ్రైండ్ చేసుకున్న” పచ్చడిలో ఆ తేడా చెప్పే వీలు పోయింది. దీనికి విరుగుడు కూడా యూట్యూబ్‌లోనే దొరుకుతుంది. నూరేళ్ళు దాటిన వయసులో, ‘కంట్రీ ఫుడ్స్’ అనే ఛానల్ ద్వారా దేశదేశాలకు పరిచయమై 2018లో కన్నుమూసిన గుంటూరు జిల్లా మస్తానమ్మ వీడియోలు చూడండి. ఆవిడ చేతులు మాట్లాడినంతగా నోరు మాట్లాడదు. చేతనయిన పని కళ్ళెదుట సాగుతున్నప్పుడు ఊతపదం అవసరం రాదు కాబోలు.

ఫోన్ల సమీక్షకులకూ రాజకీయ విశ్లేషకులకూ ప్రీతిపాత్రమైనవి “చూసుకున్నట్లయితే”, “అనేది”. “కెమెరా చూసుకున్నట్లయితే”, “ధర అనేది ఎక్కువగా ఉంటుంది”, చివరికి “వర్షం అనేది పడుతుంది”. రెండింటి పనీ ఒకటే: ఇప్పుడు చెప్పబోయేది ఫలానా దాని గురించి అని వేలెత్తి చూపడం. రాతలో పక్కశీర్షిక చేసే పని ఇది. ‘అనేది’లో ‘అను’ ధాతువుంది, అంటే ఒకరు పలికారన్న అర్థం. ఇక్కడ ఆ అర్థం అరిగిపోయి వట్టి సూచిక మిగిలింది. వర్షాన్ని ‘వర్షం అనేది’ అంటే అదేదో వింత పదార్థంలా వినబడుతుంది. నవ్వుకుని వదిలేయవచ్చు.

“చేయడం జరిగింది” దగ్గర మాత్రం నేను నవ్వలేను. దీని పుట్టిల్లు యూట్యూబ్ కాదు. ప్రభుత్వ కార్యాలయాలు, శాసనసభలు, విలేకరుల సమావేశాలు. అక్కడినుంచి వార్తల్లోకి, వార్తల్లోనుంచి చరవాణి పట్టుకున్న ప్రతివారి నోటికీ వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మా తరానికి ‘జరుగు’ విజ్ఞానశాస్త్ర పాఠాల్లో పరిచయం. ఆకులో కిరణజన్య సంయోగక్రియ జరుగుతుంది, పేగుల్లో జీర్ణక్రియ జరుగుతుంది. అక్కడ ఆ మాట అచ్చంగా అతికినట్టుంటుంది. ఎవరూ పూనుకుని చేయని పనికి, దానంతటది సాగే పనికి అది సహజమైన క్రియ. “రోడ్డు తవ్వడం జరిగింది”, “ఇళ్ళు కూల్చడం జరిగింది” అన్నప్పుడు మనుషులు చేసిన పని జీర్ణక్రియ అయిపోతుంది. మామూలు తెలుగులో “రోడ్డు తవ్వారు” అంటాం. ఆ ‘ఆరు’లో పేర్లు లేకపోయినా మనుషులున్నారు. “ఎవరు తవ్వారు?” అని అడగడానికి వీలుంది. “జరిగింది” అన్నవారిని ఆ ప్రశ్న అడగబోతే వాక్యంలో చోటు కనిపించదు. మా వైద్యులూ తక్కువ తినలేదు. మందు ఆపేయబడింది, రక్తస్రావం గమనించబడింది అని ఇంగ్లీషులో రోజూ రాస్తాం. ఆపినదెవరో, ఎందుకు ఆపారో తెలియాలంటే ముప్పై పుటలు వెనక్కి తిప్పాలి.

చేసినవారిని చెరిపే వాక్యం అది. చెప్పినవారిని చెరిపే వాక్యం ఇంకా సూక్ష్మమైనది. దాన్ని ఆరోగ్య సలహాల వీడియోల్లో విన్నాను.

తెలుగుకు ఒక సంపద ఉంది, ‘ట’. “వాడు వస్తున్నాడు” అంటే నాకు తెలుసు. “వస్తున్నాడట” అంటే నేను విన్నాను. ఒకే ఒక్క అక్షరంతో ఈ మాటకు పూచీ నాది కాదు, ఇంకొకరిది అని చెప్పగలం. ఇంగ్లీషులో ఇంత చెప్పడానికి ఒక ఉపవాక్యం కావాలి. ‘కాబోలు’, ‘ఏమో’, ‘అనుకుంటా’, ‘అంటారు’ ఇవన్నీ దీని చుట్టాలు. తనకు తెలిసినదానికీ, విన్నదానికీ, ఊహించినదానికీ మధ్య గీతలు గీసే ఈ చిన్న మాటలను చదువురాని మనిషి కూడా పొరపాటు లేకుండా వాడతాడు. ఆరోగ్య వీడియోల్లో ఇవి దాదాపు లేవు. “రాత్రి నానబెట్టిన మెంతులు పొద్దున్నే తింటే షుగర్ తగ్గుతుంది.” “ఈ కషాయం తాగితే కిడ్నీలు శుభ్రపడతాయి.” “ధనియాల నీళ్ళు తాగితే థైరాయిడ్ పూర్తిగా పోతుంది.” మందు మారుతుంది, రోగం మారుతుంది, వాక్యం మారదు: ‘-తే’, ఆపైన ‘-తుంది’. సంస్కృతాంధ్ర వ్యాకరణాలు తద్ధర్మం అని పిలిచిన అర్థమూ భవిష్యదర్థమూ నేటి భాషలో ఒకే రూపంలో కలిసిపోయాయి. “సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు” అన్నదీ, “రేపు అన్నయ్య వస్తాడు” అన్నదీ ఒకే క్రియారూపం. అన్నయ్య బస్సు తప్పిపోవచ్చు; సూర్యుడికి ఆ ఇబ్బంది లేదు. “తగ్గుతుంది” అన్న మాట అన్నయ్యలా బయలుదేరి వినేవారి చెవిలో సూర్యుడిలా ఉదయిస్తుంది.

ఆధారం చూపవలసినచోట “నిపుణులు చెబుతున్నారు”, “పరిశోధనల్లో తేలింది” అన్న ఊతపదాలున్నాయి. ఏ నిపుణులో, ఏ పరిశోధనో ఉండదు. ఇది ‘ట’కు నకలు, దాని తలకిందుల రూపం. ‘ట’ అంటే నాకు పూచీ లేదని తగ్గి చెప్పడం. “నిపుణులు” అంటే అదే పూచీలేనితనాన్ని అధికారంగా మార్చి చెప్పడం.

వక్తలకు ‘ట’ తెలియక కాదు. సినిమా కబుర్ల ఛానళ్ళు వినండి. “ఆ హీరో ఈ కథకు ఒప్పుకున్నాడట”, “వాళ్ళిద్దరికీ మాటల్లేవట”, “అని టాక్”, “అని సమాచారం”. ప్రతి వాక్యం చివరా కంచె కట్టి ఉంటుంది. ఒక నటుడి తరువాతి సినిమాపట్ల చూపే ఈ జాగ్రత్త మన థైరాయిడ్ గ్రంథిపట్ల చూపరు. గ్రంథి పరువునష్టం దావా వేయదు గదా.

దీని ఫలితం ఎలా ఉంటుందో నేనుండే అమెరికాలో పిల్లల దగ్గరకు వచ్చి ఆరు నెలలుండే పెద్దవాళ్ళలో చూస్తుంటాను. ఒక పెద్దావిడ చాలా ఏళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు. ఇక్కడికి వచ్చాక నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బరింపు, చలి. చలికాలం గనక ఇంట్లో అందరూ అమెరికా చలి అనుకున్నారు. మాత్ర వేసుకుంటున్నారా అని అడిగితే, “ధనియాల నీళ్ళు తాగితే పూర్తిగా పోతుందట డాక్టరుగారూ, అందుకని ఆపేశాను” అన్నారు. ఎవరన్నారమ్మా అంటే కాసేపు ఆలోచించి, “ఫోన్లో చెప్పారు” అన్నారు. “మానేసినా మొదట్లో నాకేమీ తేడా తెలియలేదు, అందుకే నమ్మాను” అని కూడా అన్నారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. లీవోథైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. మాత్ర మానేసిన మొదటి వారాల్లో ఒంట్లో మిగిలిన మందే పనిచేస్తుంటుంది, ఘనత ధనియాలకు దక్కుతుంది. మోతాదు మార్చినప్పుడు ఆరు వారాలు ఆగి గాని మేము రక్తపరీక్ష చేయించం, ఈ నిదానం వల్లనే. ఆ గడువులో వీడియో నిజమైపోతుంది.

నన్ను ఆకట్టుకున్నది ఆమె వాడిన ‘ట’. వీడియోలో “పోతుంది” అని వచ్చిన మాటను ఆమె “పోతుందట” చేసి నాకు అప్పగించారు. వక్త తీసేసిన ప్రత్యయాన్ని శ్రోత తిరిగి అతికించారు. ‘ట’ అంటూనే మాత్ర ఆపేసినప్పుడు ఆ ‘ట’ వల్ల ప్రయోజనమేమిటని ఎవరైనా అడగవచ్చు. ప్రయోజనం ఉంది: “ఎవరన్నారు?” అని నేను అడగగలిగింది ఆ ప్రత్యయం వల్ల. ఆ ప్రశ్నకు తనవద్ద జవాబు లేదని ఆమెకు తెలిసింది కూడా అప్పుడే. ఆ ప్రశ్న వీడియో చూస్తున్నప్పుడే పుట్టి ఉండవలసింది. అక్కడ అది పుట్టే చోటు లేదు. పైగా ఆ మాట ఆమె ఒక్కసారి విన్నది కాదు. ఒక వీడియో చూస్తే అటువంటివే మరికొన్ని వరుసలో వస్తాయి, వేరు వేరు ముఖాలు, అదే వాక్యం. లిన్ హాషర్, డేవిడ్ గోల్డ్‌స్టైన్, థామస్ టొపీనో 1977లో చూపించినట్టు, మళ్ళీ మళ్ళీ విన్న మాట, అబద్ధమైనా సరే, కొత్తగా విన్నదానికంటే నిజమనిపిస్తుంది. హరిదాసు పునరుక్తి భక్తిని పెంచితే, ఈ పునరుక్తి ‘ట’ను అరగదీస్తుంది.

చట్టం లేదా అంటే ఉంది. మధుమేహం, రక్తపోటు, కేన్సర్ వంటి రోగాలను నయం చేస్తామనే ప్రకటనలను భారతదేశంలో 1954 నాటి మాయమందుల చట్టం నిషేధించింది. గోడమీద రాతలూ పత్రికల్లో ప్రకటనలూ దృష్టిలో ఉంచుకుని చేసిన చట్టమది. అమ్మకమేదీ లేకుండా, “మనం” అంటూ చుట్టరికం కలిపి, ‘-తే -తుంది’ అని ముగిసే వాక్యాన్ని అది ఎంతవరకు పట్టుకోగలదన్నది న్యాయవాదులు తేల్చవలసిన సంగతి. పట్టుకోవడానికి వస్తే అడ్డం పెట్టుకునేందుకు చివర్లో గబగబా చదివే “ఇది కేవలం అవగాహన కోసం మాత్రమే, వైద్యులను సంప్రదించగలరు” అన్న వాక్యం ఉండనే ఉంది. అదీ ఒక ఊతపదమే. మొదట చెప్పే “హాయ్ ఫ్రెండ్స్”ను ఎవరు ఎంత శ్రద్ధగా వింటారో, దీన్నీ అంతే శ్రద్ధగా వింటారు.

యూట్యూబ్‌లో తెలుగు వైద్యులు కూడా చాలామంది ఉన్నారు. వారిలో మంచివారిని గుర్తుపట్టడానికి పట్టాలకంటే ముందు నేను క్రియలు వింటాను. “తగ్గవచ్చు”, “కొందరిలో”, “మాకింకా తెలియదు” అన్న మాటలు వినిపిస్తే ఆగి వింటాను. వారి ఇబ్బందీ నాకు తెలుసు. ‘వచ్చు’ తెలుగులో రెండంచుల మాట. “పెరుగు తినవచ్చు” అంటే అనుమతి, “జ్వరం రావచ్చు” అంటే అవకాశం. “ఈ మందుతో వాపు తగ్గవచ్చు” అని వైద్యుడు అంటే రోగికి అది పుస్తకభాషలా, మనసులో ఏదో దాచుకుని అన్నట్టుగా వినబడుతుంది. “తగ్గుతుందా తగ్గదా, ఒక్కమాట చెప్పండి” అంటారు. ఆ ఒక్కమాట నేను చెప్పలేను. పక్క తెరమీద దాన్ని ఎనిమిది నిమిషాలు చెప్పేవారున్నారు.

మా ఊళ్ళో వెనకటి వైద్యుడు మందు పొట్లం చేతికిస్తూ “మూడురోజులు వాడి చూడు” అనేవాడు. ‘వాడు’ అనలేదు, ‘వాడి చూడు’ అన్నాడు. పనిచేయకపోయే అవకాశం ఆ సహాయక్రియలోనే ఉంది. రోగి భయపడకుండా దాన్ని పొట్లంతోపాటే ఇంటికి తీసుకువెళ్ళేవాడు, నాలుగోరోజు తగ్గకపోతే తిరిగివచ్చేవాడు. నేను ఇప్పుడు తెలుగువాళ్ళకు మందు రాసేటప్పుడు ఆ క్రియనే వాడుతున్నాను. ఆరు వారాలు వేసుకుని చూద్దాం అంటే ఆ పెద్దావిడ మళ్ళీ రక్తపరీక్షకు వచ్చారు, ధనియాల నీళ్ళు మాత్రం మానలేదు. వాటి రుచి బాగుందట.